‘సగం ఆయువు’ రెండుసార్లు గడిస్తే?

సందేహం: పెట్ స్కాన్ గురించిన వ్యాసంలో “ఫ్లోరిన్-18 అర్థాయువు 110 నిమిషాలు” అని చదివాను. అర్థాయువా, అర్ధాయువా? సగం ఆయువు 110 నిమిషాలైతే, 220 నిమిషాలకు ఒంట్లో ఎక్కించిన మందు పూర్తిగా పోయినట్టేనా?

సమాధానం: మొదటిది తేలిక. సగం అని చెప్పాలంటే ‘అర్ధ’ అనే రాయాలి: అర్ధరాత్రి, అర్ధణా, అర్ధచంద్రుడు. లోపల చుక్క పెడితే అది డబ్బో, భావమో అవుతుంది. పత్రికల్లో ఈ చుక్క అటూ ఇటూ అవుతూనే ఉంటుంది.

రెండోదే అసలు చిక్కు. ఆ మాటే మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. అర్ధరాత్రి అంటే రాత్రిలో సగం. ఇంకో సగం గడిస్తే తెల్లారుతుంది. అర్ధాయువునూ అలాగే ‘ఆయువులో సగం’ అని విడదీస్తే 220 నిమిషాలకు అంతా అయిపోవాలి. శాస్త్రంలో దాని ఉద్దేశం వేరు: ఉన్న రేడియోధార్మిక పరమాణువుల్లో సగం క్షీణించడానికి, అంటే వేరే పరమాణువులుగా మారిపోవడానికి, పట్టే కాలం. 110 నిమిషాలకు సగం, 220కి పావు, 330కి అరపావు, 440కి వీసం మిగులుతాయి. ఇలా పదిసార్లు గడిచాక, అంటే 18 గంటలు దాటాక, వెయ్యో వంతు కూడా ఉండదు. పైగా పరమాణువుకు ముసలితనం లేదు. పుట్టి ఐదు నిమిషాలైనదైనా, ఐదు గంటలైనదైనా, వచ్చే గంటలో క్షీణించే అవకాశం ఒకటే. నన్నడిగితే ‘ఆయువు’ ఇక్కడ సరిగా అతకని మాట.

కణితిని చూపే ట్రేసర్లు (ఒంట్లో ఎక్కడ చేరాయో స్కాన్‌లో కనిపించే మందులు) తయారుచేసేవాళ్లకు ఈ లెక్కే ప్రాణం. గ్లూకోజ్‌లాంటి అణువుకు ఫ్లోరిన్-18 తగిలించిన ఎఫ్‌డీజీని 1976లో అమెరికాలో తొలిసారి మనుషులకిచ్చారు. చక్కెర ఎక్కువగా లాక్కునే కణితి కణాలు దీన్నీ లాక్కుంటాయి. అయితే పూర్తిగా వాడుకోలేవు, అది లోపలే ఇరుక్కుపోతుంది. మెదడూ, వాపు ఉన్న చోటూ కూడా చక్కెరను లాక్కుంటాయి కదా! అందుకే కణాలు ఎంత జోరుగా విభజన చెందుతున్నాయో చూడటానికి, డీఎన్‌ఏ తయారీకి పనికొచ్చే థైమిడిన్‌ను పోలిన ఎఫ్‌ఎల్‌టీని రూపొందించారు. అందులోనూ ఫ్లోరిన్-18నే వాడారు. సైక్లోట్రాన్ (ఇలాంటి పరమాణువులను పుట్టించే యంత్రం) దగ్గర తయారుచేసి వేరే ఆసుపత్రికి పంపేంత వ్యవధి అది ఇస్తుంది. కార్బన్-11 అయితే 20 నిమిషాలకే సగమవుతుంది. దాన్ని తయారైన చోటే వాడుకోవాలి, ట్రాఫిక్‌లో చిక్కుకుంటే అంతే సంగతులు.

అర్ధాయువు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది, ఇప్పుడు మార్చమనడం అత్యాశ. పత్రికలో రాసేవారు మాత్రం “ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకు సగమవుతుంది” అని క్రియతో చెబితే సరి, ఆ నామవాచకంతో పనే ఉండదు.

ఒంట్లో మందు సంగతి అడిగారు కనుక: క్షీణించేది కొంతైతే, మూత్రంలో పోయేది కొంత. కాబట్టి ఒంట్లో ఉన్నది 110 నిమిషాలకన్నా ముందే సగమవుతుంది. స్కాన్ అయ్యాక నీళ్లు బాగా తాగమనేది అందుకే.