పాత బొలెరో పికప్‌కి ఆయిళ్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? ముందు ఏది మార్చాలి?

2012 మోడల్ పికప్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నానని, ఆయిళ్లన్నీ ఇంటి దగ్గరే మార్చుకోవాలనుందని, ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. తప్పకుండా మార్చుకోవచ్చండి. మాది పాలకొల్లు వైపు. చేపల మేత, ఐసు, కొబ్బరికాయలు మోసే పాత పికప్‌కి ఈ పనులన్నీ ఇంటి దగ్గరే చేసుకుంటాను. నా మాట వింటే మొదట ఇంజిన్ ఆయిల్ కాదు, వెనక హౌసింగ్, అంటే వెనక చక్రాల మధ్య గేర్లుండే డిఫరెన్షియల్ చూడండి.

ఇంజిన్ ఆయిల్ ఎవరైనా గుర్తుపెట్టుకుని మారుస్తారు. హౌసింగ్ సంగతి ఎవరికీ పట్టదు. మన దగ్గర వానాకాలంలో చెరువు గట్ల మీద, రోడ్డు మునిగిన చోట బండి నీళ్లలో దిగక తప్పదు. లోడుతో తిరిగి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే చిన్న దారి) లోంచో సీళ్ల పక్కనుంచో నీటిని లోపలికి లాక్కుంటుంది. ఆయిల్ దింపినప్పుడు పాలు కలిపిన టీ రంగులో వచ్చిందంటే నీళ్లు చేరినట్టే. ఇక కిలోమీటర్లు చూడొద్దు, వెంటనే మార్చేయండి. బ్రీదర్ మట్టితో మూసుకుపోయిందేమో కూడా చూసి శుభ్రం చేయండి.

ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. కింది డ్రెయిన్ బోల్టు ముట్టుకునే ముందు ఆయిల్ పోసే పై ఫిల్లర్ బోల్టు విప్పి చూడాలి. ఉప్పునీళ్లు కారే చేపల బళ్లకి ఇవి తుప్పుతో బిగుసుకుపోతాయి. ఉన్న ఆయిల్ దింపేశాక పైది రాకపోతే బండి అక్కడే ఉండిపోతుంది. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. హౌసింగ్‌కి సాధారణంగా జీఎల్-5 రకం గేర్ ఆయిల్ వాడతారు. గేర్ బాక్సుకి మాత్రం మాన్యువల్లో ఏ రకం రాసుంటే అదే పోయాలి. జీఎల్-4 అని ఉన్నచోట జీఎల్-5 పోస్తే, అందులోని కొన్ని కెమికల్స్ గేర్లు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులను తినేయొచ్చు.

రెండోది బ్రేక్ ఆయిల్. ఇది గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన దగ్గర తేమకి కొదవా! డాట్-3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. లోడుతో గట్టిగా బ్రేకులు పట్టేటప్పుడు అది మరిగితే పెడల్ లోపలికి పోతుంది. రెండేళ్లకోసారి మార్చండి. ఒకరు పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గరి నిపుల్ (పాత ఆయిల్ బయటికి వదిలే చిన్న బోల్టు) విప్పాలి, పైన బ్రేక్ ఆయిల్ పోసే డబ్బా ఎప్పుడూ ఖాళీ కానివ్వకూడదు. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి. నిపుల్ తుప్పు పట్టి కదలకపోతే మాత్రం బలవంతం చేయొద్దు, విరిగిందంటే బండికి బ్రేకులే ఉండవు. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి.

కూలెంట్‌లో బోరు నీళ్లు కలపొద్దు. తీరం దగ్గర ఊళ్లలో అవి ఉప్పన, రేడియేటర్ లోపల తుప్పూ గారా చేరతాయి. డిస్టిల్డ్ వాటరే వాడండి. వేడి మీద మూత తీయొద్దు.

ఇంజిన్ ఆయిల్ తేలిక. కాసేపు స్టార్ట్ చేసి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపండి, ఫిల్టర్ రబ్బరు రింగుకి కొత్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించండి, డ్రెయిన్ బోల్టు వాచర్ కొత్తది వేయండి. డీజిల్ బండి కదా, కొత్త ఆయిల్ కొద్దిరోజులకే నల్లబడుతుంది, టెన్షన్ పడకండి.

వీటన్నిటికంటే ముఖ్యం, మన నల్లరేగడి మీద జాకీ దిగబడిపోతుంది. గట్టి సిమెంటు నేల మీదే పని పెట్టుకోండి. స్టాండులు లేకుండా ఒట్టి జాకీ మీద ఎత్తిన బండి కిందకి ఎప్పుడూ దూరొద్దు.

పాత ఆయిల్ బోదెలో గానీ కాలవలో గానీ పోయకండి. ఆ నీళ్లే పక్కవాళ్ల రొయ్యల చెరువులోకి వెళ్తాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే గ్యారేజీలో ఇచ్చేయండి. కూలెంట్‌ని అందులో కలపకుండా వేరే డబ్బాలో మూతపెట్టి ఉంచండి, తియ్యగా ఉంటుందని కుక్కలు తాగుతాయి, అది వాటికి విషం.