ఎలక్ట్రిక్ కారు మనలాంటోళ్లకి అందుతుందా?

ప్రశ్న: ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, రోజూ 45 కిలోమీటర్లు తిరుగుడు, ఉన్న పెట్రోల్ కారుకి పదేళ్లు దాటాయి. ఎలక్ట్రిక్ తీసుకుందామని షోరూంకి వెళ్తే రేటు చూసి నోట మాట రాలేదు. పెట్రోల్ ఖర్చు మిగులుతుంది బావా, చివరికి అదే చవక అంటాడు మా బామ్మర్ది. అదంతా డబ్బున్నోళ్ల సరదా అంటారు నాన్న. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరూ నిజమే చెప్తున్నారండీ, కాకపోతే మీ బామ్మర్ది ఐదేళ్ల తర్వాత లెక్క చెప్తున్నాడు, మీ నాన్నగారు ఈరోజు జేబు సంగతి చెప్తున్నారు. ఈ కారుతో అసలు ఇబ్బందే అది, ధర ముందే మొత్తం కట్టాలి, లాభం మాత్రం నెలనెలా చిల్లరగా వస్తుంది.

ఎవరి మాటా వినొద్దు, ఒక కాగితం తీసుకోండి. మామూలు సైజు ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకి సుమారు 15 యూనిట్లు తింటుంది, చార్జింగ్‌లో పోయేది కూడా కలిపి 17 వేసుకోండి. మీ కరెంటు బిల్లులో యూనిట్ రేటు ఎంతుందో చూసి 17తో గుణించండి. ఇప్పుడున్న కారు 100 కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు తాగుతుందో మీకు తెలుసు, దాన్ని పెట్రోల్ రేటుతో గుణించండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే వచ్చేది 100 కిలోమీటర్లకి మీకు మిగిలే డబ్బు. ఇప్పుడు అదే సైజు పెట్రోల్ కారు కంటే ఎలక్ట్రిక్ ఎంత ఎక్కువ చెప్తున్నారో ఆ తేడాని, లోన్ అయితే ఆ తేడా మీద పడే వడ్డీతో సహా, ఈ మిగులుతో భాగించండి. ఉదాహరణకి 600 వచ్చిందనుకోండి, అంటే 600 వందల కిలోమీటర్లు, 60,000 తిరిగితే గానీ తేడా పూడదు. మీరు నెలకి పాతిక రోజులు 45 చొప్పున తిరిగితే ఏడాదికి 13,500, నాలుగున్నరేళ్లలో తేడా తీరిపోయి ఆ తర్వాతంతా లాభమే. అదే రోజుకి 8 కిలోమీటర్లు తిరిగే మీ పక్కింటాయనకి అయితే పాతికేళ్లు పడుతుంది, అప్పటికి ఆ కారు ఎక్కడుంటుందో మరి!

ఇంత మిగులు ఎక్కడ్నుంచి వస్తుందంటే, పెట్రోల్ ఇంజన్లో మనం పోసిన దాంట్లో చాలా భాగం రేడియేటర్ నుంచీ సైలెన్సర్ నుంచీ వేడిగా పోతుంది, చక్రాల దాకా వెళ్లేది మూడో వంతు కూడా ఉండదు. మోటార్ అలా కాదు, పైగా బ్రేక్ తొక్కినప్పుడు కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపిస్తుంది, అందుకే బ్రేక్ ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. ఇంజన్ ఆయిల్ లేదు, క్లచ్ ప్లేట్ లేదు. అలాగని ఖర్చే ఉండదనుకోకండి, బండి బరువెక్కువ కాబట్టి టైర్లు తొందరగా అరుగుతాయి, ఇన్సూరెన్స్ కూడా చాలా చోట్ల ఎక్కువే.

అన్నిటికంటే ముఖ్యమైనది, రాత్రి కారు ఎక్కడ పెడతారు? పైన చెప్పిన లెక్కంతా ఇంట్లో చార్జ్ చేసుకునేవాళ్లది. అద్దె ఇల్లు, రోడ్డు మీద పార్కింగ్ అయితే బయట ఫాస్ట్ చార్జర్లే దిక్కు, అక్కడ యూనిట్ రేటు ఇంటి రేటు కంటే బాగా ఎక్కువ ఉంటుంది, మీరు లెక్కేసుకున్న మిగుల్లో చాలా భాగం అక్కడే ఆవిరైపోవచ్చు. నా మట్టుకు నేను, సొంతంగా ప్లగ్ పెట్టుకునే చోటు లేనివాళ్లకి ఇప్పుడే కొనమని చెప్పను. నార్వేలో చూడండి అంటారు చాలామంది, నిజమే, 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో పదికి దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్, కానీ అక్కడ పెట్రోల్ కారు మీద పన్ను బాదుతారు, ఎలక్ట్రిక్‌కి 1990ల నుంచే మినహాయింపులు ఇచ్చుకుంటూ వచ్చారు. జనం మారకముందే ధర మారింది అక్కడ.

ప్రశ్న: ఎనిమిదేళ్లకి బ్యాటరీ మార్చాలట, దాని ఖరీదు కారంత అంటున్నారు. సెకండ్ హ్యాండ్ అయితే ఇంకా రిస్కేనా?

జవాబు: ఎనిమిదేళ్లన్నది చాలా కంపెనీలు ఇచ్చే వారంటీ అండీ, బ్యాటరీ ఆయుష్షు కాదు. మామూలుగా 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లలోపు కెపాసిటీ 70 శాతం కంటే కిందకి పడిపోతే మేం చూసుకుంటాం అని దాని అర్థం. కారంత ఖరీదు అన్న మాట పాత రోజులది, 2010లో ఒక్క కిలోవాట్ అవర్ బ్యాటరీకి, అంటే ఒక యూనిట్ కరెంటు పట్టేదానికి, వెయ్యి డాలర్లు దాటేది, బ్లూంబర్గ్ సంస్థ సర్వే ప్రకారం 2024లో సగటున 115 డాలర్లు. ఇది కంపెనీలకి పడే రేటు, వర్క్‌షాప్‌లో మీకు వేసే బిల్లు ఇంతకంటే చాలా పెద్దదే, అయినా దిశ ఎటో తెలుస్తోంది కదా.

సెకండ్ హ్యాండ్ అంటారా, మామూలు మనిషికి అసలు దారి అదే అంటాను నేను. కొత్త ఎలక్ట్రిక్ కారు విలువ మొదటి మూడు నాలుగేళ్లలో గబగబా పడిపోతుంది, ఆ దెబ్బ మొదటి ఓనర్‌కి తగలనివ్వండి. పెయింట్, సీట్లు తర్వాత చూడొచ్చు, ముందు బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ కాగితం మీద అడగండి, వారంటీ మీ పేరు మీదకి మారుతుందో లేదో రాయించుకోండి. రిపోర్ట్ ఎందుకండీ, బండి బంగారం అన్నాడంటే లేచి వచ్చేయండి.

ప్రశ్న: ఎక్స్‌టెన్షన్ బోర్డుతో చార్జ్ పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. ఫోన్‌కీ దీనికీ పోలిక లేదు, మామూలు ప్లగ్‌లో పెట్టినా రాత్రంతా ఆపకుండా 2, 3 కిలోవాట్లు లాగుతుంది, అంటే గీజర్‌ని పది గంటలు వదిలేసినట్టు. విడిగా మందం వైరుతో లైను, దానికో బ్రేకర్, సరైన ఎర్తింగ్, ఇవి ఎలక్ట్రీషియన్‌తో చేయించి తీరాలి, ఈ ఖర్చు కూడా కారు ధరలోనే కలుపుకోండి. నేను ఒకసారి చుట్టాలింట్లో ఒక్క రాత్రికే కదా అని బోర్డుకి పెట్టాను, తెల్లారి ప్లగ్ పీకబోతే చెయ్యి చుర్రుమంది, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమ రంగుకి తిరిగి కొద్దిగా లోపలికి కుంగింది. ఆ బోర్డు పారేయలేదు, ఇదే ప్రశ్న అడిగినోళ్లకి తీసి చూపిస్తుంటా.