టమాటా ధర తెలిసిన ఇంట్లో జీతం లెక్క

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. అమ్మాయి ఈ ఏడాది బీటెక్ పూర్తి చేసింది. ఒక పెద్ద సర్వీస్ కంపెనీ (వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేది) ఏడాదికి 3.6 లక్షలు ఇస్తానంది, రెండేళ్ల బాండు, అంటే ఈలోగా మానేస్తే డబ్బు కట్టాలి. అదే కాలేజీ, అవే మార్కులు ఉన్న స్నేహితురాలికి వేరేచోట 7 లక్షలు. మా పాపలో ఏం తక్కువ?

జవాబు: ఏమీ తక్కువ లేదు. మీది టమాటా ఊరు కాబట్టి మీకు తెలిసిన లెక్కే చెప్తాను. కాయ అదే, కోత అదే. బయటి రాష్ట్రాల వ్యాపారులు మండీలో పోటీపడి పాడిన రోజు ఒక ధర, లారీలు రాని రోజు ఇంకో ధర. పొలం గట్టు మీదికే వచ్చే ఒక్కడికి అమ్మితే వాడు చెప్పిందే ధర. కొనేవాడు ఒక్కడైతే కూలి ఎలా పడిపోతుందో జోన్ రాబిన్సన్ అనే ఆర్థికవేత్త 1933లోనే వివరించారు.

బెంగళూరులో కంపెనీలకు కొదవా అంటారు. లేదు. కానీ ఫ్రెషర్లను వేలల్లో తీసుకునేవి కొన్నే, బయట నిలబడ్డవాళ్లు లక్షల్లో. అందుకే ఆ కంపెనీల్లో మొదటి జీతం పదేళ్లకు పైగా మూడు, నాలుగు లక్షల దగ్గరే తచ్చాడుతోంది. ఈలోగా మారతహళ్లిలో అద్దెలు ఎక్కడికి పోయాయో మీకు నేను చెప్పాలా!

పోటీ ఉన్నచోట కూడా దాన్ని తప్పించుకోవాలనే చూస్తారు. ఉద్యోగం ఇస్తాం రమ్మని ఒకరి ఇంజినీర్లకు ఒకరు ఫోన్ చేయకూడదని ఆపిల్, గూగుల్, ఇంటెల్, అడోబీ లోపాయికారీగా అనుకున్నాయని 2010లో అమెరికా ప్రభుత్వం కేసు పెట్టింది. ఉద్యోగులు వేసిన దావాలో ఆ నాలుగూ 2015లో 41.5 కోట్ల డాలర్లకు రాజీ పడ్డాయి. మన దగ్గర ఆ పని బాండు, 90 రోజుల నోటీసు చేస్తాయి. మానేశాక పోటీ కంపెనీలో చేరొద్దనే షరతు 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవదు. బాండు సంగతి వేరు. ఒక ప్రభుత్వ బ్యాంకు పెట్టిన 2 లక్షల బాండును సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది. కాబట్టి ఎంత కట్టాలని రాశారో చూడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వనే వద్దు. నా మొదటి కంపెనీ నావి బీరువాలో పెట్టుకుంది, దాంతో మంచి ఆఫర్ ఒకటి పోయింది.

ఇక ఆ 7 లక్షల కంపెనీ. అదేమీ ధర్మసత్రం కాదు. సొంత ప్రోడక్ట్, పక్కన కూర్చుని కోడ్ దిద్దే సీనియర్లు, మంచి టూల్స్ ఉన్నచోట అదే పిల్ల రెట్టింపు పని చేస్తుంది. ఒక్కో మనిషి మీద రాబడి ఎక్కువ, పైగా పక్క కంపెనీ ఎగరేసుకుపోతుందన్న భయం. అందుకే ఇస్తారు.

పాపకు చేతిలో వేరే ఆఫర్ లేకపోతే చేరమనండి. ముందు హెచ్‌ఆర్‌ని రెండు అడగాలి: ట్రైనింగ్ ఎన్ని వారాలు, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఎన్నాళ్లు? అక్కడ రెండేళ్లు చేసి బయటికి వెళ్లిన సీనియర్లు ఇద్దరితో మాట్లాడితే ఇంకా మంచిది. బాండు మొత్తం లక్ష దాటితే సంతకం పెట్టేముందు ఆ కాగితం నాకోసారి చూపించండి.