“మేం చేశాం” అంటే మార్కులు పడవు

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో తెలుగు, చదివింది ఒడియా మీడియం. ఇక్కడే ఒక ఫ్యాక్టరీలో ఆరేళ్లుగా షిఫ్టు సూపర్‌వైజర్‌ని, నా కింద 18 మంది. విశాఖలో ఒక కంపెనీ అసిస్టెంట్ మేనేజర్ ఇంటర్వ్యూకి పిలిచింది. లీడర్‌షిప్, మేనేజ్‌మెంట్ మీద ఎక్కువ అడుగుతారట. నెట్‌లో చూసి 50 జవాబులు బట్టీ పట్టాను, అద్దం ముందు నిలబడితే ఒక్కటీ రావట్లేదు. ఒకటే టెన్షన్. పోయిన వానాకాలం వాగులు పొంగి ఏడుగురే వస్తే వాళ్లతోనే రాత్రి షిఫ్టు నడిపించాం, అలాంటివి చెప్పుకునేంత గొప్పవి కావు కదా?

జవాబు: ఆ 50 జవాబులూ పక్కన పడేయండి. చిన్న విషయం అన్నట్టు చివర్లో రాశారే ఆ వాన రాత్రి, అదే మీ జవాబు. కాకపోతే “నడిపించాం” అని రాశారు, చిక్కంతా అక్కడే. “నేను చేశాను” అంటే గొప్పలు పోతున్నాడంటారని మనకి చిన్నప్పటి నుంచీ “చేశాం” అలవాటు. మన మధ్య అది మర్యాదే, కానీ బోర్డులో కూర్చున్నవాళ్లకి అందులో మీ వాటా ఎంతో తెలియక మార్కులు వేయలేరు. నా మొదటి ఇంటర్వ్యూలో నేనూ ఇలాగే “మేం, మేం” అంటుంటే ఎదురుగా ఉన్న పెద్దాయన “ఇంతకీ అప్పుడు నువ్వెక్కడున్నావు బాబూ?” అన్నారు. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ రాత్రిని కాగితం మీద పెట్టండి. ఏడుగురే అని తెలిశాక ఏ మెషిన్ ఆపారు, ఏది నడపాలనుకున్నారు, ఎందుకు? పైవాళ్లకి ఫోన్ చేశారా, మీరే తేల్చేశారా? వెళ్లిపోతామన్నవాళ్లని ఏం చెప్పి ఆపారు? తెల్లారేసరికి ఎంత పని అయింది? దీన్నే స్టార్ పద్ధతి అంటారు. సిట్యుయేషన్, టాస్క్, యాక్షన్, రిజల్ట్, అంటే పరిస్థితి, మీ మీద పడ్డ పని, మీరు చేసింది, ఫలితం. రెండు నిమిషాల్లో ముగించండి, అందులో సగానికి పైగా మీరు చేసినదానికే. చాలామంది వాన ఎంత పడిందో చెప్పడంలోనే ఆ రెండు నిమిషాలూ అయిపోగొడతారు.

మేనేజ్‌మెంట్‌కీ లీడర్‌షిప్‌కీ తేడా అడగొచ్చు. హార్వర్డ్ ప్రొఫెసర్ జాన్ కోటర్ 1990లో చెప్పినదాని సారం ఏంటంటే, చిక్కుముడిలాంటి పనుల్ని గాడిలో పెట్టడం మేనేజ్‌మెంట్, మార్పు వచ్చినప్పుడు మనుషుల్ని దానికి సిద్ధం చేసి నడిపించడం లీడర్‌షిప్. ఆయన పేరు మీరు చెప్పనక్కర్లేదు. డ్యూటీ చార్టు వేయడం, సెలవులు సర్దడం మొదటిది. కొత్త మెషిన్ వస్తే పని పోతుందేమోనని భయపడ్డ పాతవాళ్లని కూర్చోబెట్టి నేర్పించడం రెండోది. ఆరేళ్లలో మీకు రెండూ తగిలే ఉంటాయి.

ఇంకోటి. మీవైపు షిఫ్టంటే ఒడియా, తెలుగు, కువి, కాస్త హిందీ అన్నీ కలిసే ఉంటాయి (కువి మనకి చుట్టమే, భాషావేత్తలు దాన్నీ తెలుగునీ ద్రావిడ భాషల్లో ఒకే శాఖలో పెడతారు). సేఫ్టీ మాట ఒకరికి అర్థమై పక్కవాడికి అర్థం కాకపోతే చేతులు పోతాయి. మీరు రోజూ అది ఎలా చూసుకుంటున్నారో తప్పకుండా చెప్పండి, మీకు మామూలే గానీ వినేవాళ్లకి కాదు.

మీ వల్ల జరిగిన తప్పు చెప్పమంటే “నేను మరీ ఎక్కువ కష్టపడతానండీ” అనకండి, విని విని ఉంటారు. నిజంగా జరిగిందే, కొంప మునగనిది, తర్వాత మీరేం మార్చుకున్నారో కలిపి చెప్పండి. పాత బాసుని మాత్రం తిట్టకండి.

ఇంటర్వ్యూ ఏ భాషలోనో ముందే ఫోన్ చేసి కనుక్కోండి, తప్పేం లేదు. ఇంగ్లీషే అంటే చిన్న చిన్న వాక్యాలు చాలు. అద్దాన్ని వదిలేసి మనిషికి చెప్పి చూడండి. విశాఖకి రైల్లోనే వెళ్తారుగా, పార్వతీపురం దాటాక బొబ్బిలి వచ్చేలోపు పక్క సీటాయనకి ఆ రాత్రి సంగతి చెప్పండి. ఆయన మధ్యలో కిటికీ వైపు తిరిగాడంటే, వాన గురించి ఎక్కువ చెప్పారన్నమాట.