గేమింగ్ కోసం తయారుచేయని ల్యాప్‌టాప్‌లో ఇకముందు గేమ్స్ ఆడగలమా?

ఆడొచ్చు, పరిస్థితి ఏటేటా మెరుగవుతోంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా, ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ బాగా బలపడ్డాయి. 2023లో వచ్చిన యాపిల్ ఎం3 చిప్‌లో రే ట్రేసింగ్‌కి (గేమ్‌లో వెలుగునీడలను నిజంలా చూపించే పద్ధతి) ప్రత్యేక హార్డ్‌వేరే ఉంది.

అసలు చిక్కు మెమరీ దగ్గర. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, ప్రాసెసర్‌తో కలిసి ర్యామ్‌నే పంచుకోవాలి. అందుకే ఒకే ర్యామ్ స్టిక్ ఉన్న ల్యాప్‌టాప్‌లో రెండో స్లాట్ ఖాళీగా ఉంటే, అందులో ఇంకోటి వేయండి; రెండూ కలిసి పనిచేస్తే మెమరీ నుంచి డేటా వేగంగా అందుతుంది. చాలా గేమ్స్‌లో ఫ్రేమ్ రేటు (సెకనుకు తెరమీద కనిపించే చిత్రాల సంఖ్య) స్పష్టంగా పెరుగుతుంది. ఏఎమ్‌డీ కంపెనీ ఎఫ్‌ఎస్‌ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ రిజల్యూషన్ చిత్రాన్ని పెంచి చూపించే టెక్నిక్) కూడా గట్టి ఆసరా: గేమ్ 720పీలో నడుస్తుంటే 1080పీకి పెంచి చూపించగలదు.

లినక్స్‌లో అయితే 2018లో స్టీమ్ గేమ్ స్టోర్ నడిపే వాల్వ్ కంపెనీ తెచ్చిన ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వల్ల వేలాది విండోస్ గేమ్స్ నడుస్తున్నాయి. కొన్ని ఆన్‌లైన్ గేమ్స్ మాత్రం యాంటీ-చీట్ (మోసాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) వల్ల మొరాయిస్తాయి. గేమ్ దూరంగా ఉన్న సర్వర్‌లో నడిచి, నెట్ ద్వారా మన తెరమీదకు వచ్చే క్లౌడ్ గేమింగ్ మీద నాకంత నమ్మకం లేదు. నెట్ కాస్త తడబడితే చాలు, షూటింగ్ గేమ్ ఆడలేం.