భారతదేశంలో గంజాయి వాడకం చట్టబద్ధమయ్యే అవకాశం ఉందా?

కెనడా 2018లో చేసినట్టు వినోదం కోసం గంజాయి అమ్మకాన్ని అనుమతించే సూచనలు ఇక్కడ ఇప్పట్లో కనిపించడం లేదు. అయితే మన చట్టం చాలామంది అనుకునేంత ఏకరీతిగా కూడా లేదు. మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం మొక్క పూత, కాయ భాగాలనే గంజాయిగా నిర్వచించి, వాటితో కలవని ఆకులను, గింజలను మినహాయించింది కాబట్టే, ఆకుతో చేసే భంగు కొన్ని ఉత్తరాది రాష్ట్రాల్లో లైసెన్సు దుకాణాల్లో దొరుకుతుంది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 1961 నాటి అంతర్జాతీయ మాదకద్రవ్యాల ఒప్పందపు అత్యంత కఠిన జాబితా నుంచి గంజాయిని తొలగించినప్పుడు భారత్ అనుకూలంగానే ఓటు వేసింది. కానీ ఆ మార్పు వైద్య ప్రయోజనాన్ని గుర్తించడమే తప్ప వినోద వాడకానికి అనుమతి కాదు.

నా దృష్టిలో ముందుగా సంస్కరించవలసింది శిక్షల విధానం. గంజాయి సేవించినవారికి ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. వ్యసనపరులు స్వచ్ఛందంగా చికిత్సకు వస్తే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది, కానీ ఆ సంగతి తెలిసిన కుటుంబాలు తక్కువ. ఇక సరుకు 20 కిలోలు దాటితే, కూలికి మూట మోసిన మన్యం గిరిజనుడికైనా, పెట్టుబడి పెట్టిన వ్యాపారికైనా కనీస శిక్ష ఒకటే, పదేళ్లు.