అరకుకు ఏడు సీట్ల కారు తీసుకుంటే పెట్రోలు ఖర్చు ఎంత పెరుగుతుంది?

ప్రశ్న: మాది గాజువాక. నేను ప్రైవేటు పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. అత్తగారు, మామగారు, ఇద్దరు పిల్లలు, మేమిద్దరం కలిసి సంక్రాంతి సెలవుల్లో రెండు రోజులు అరకు వెళ్లాలనుకుంటున్నాం. కారు అద్దెకు తీసుకుంటే మావారే నడుపుతారు. చిన్న కారుకు రోజుకు 2,200, ఏడు సీట్ల పెట్రోలు కారుకు 3,800 రూపాయలు చెబుతున్నారు. పెట్రోలు మేమే పోయించుకోవాలి. రోజుకు 250 కిలోమీటర్లు దాటితే కిలోమీటరుకు 12 రూపాయలు అదనం. పెద్ద బండి ఘాట్‌రోడ్డులో పెట్రోలు తాగేస్తుందని, చిన్న కారులోనే సర్దుకోమని మా మరిది అంటున్నాడు. వేసవిలో తిరుపతి కూడా వెళ్లాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఏడు సీట్ల కారే తీసుకోండి. మీ మరిది చెప్పినదాంట్లో నిజం ఉంది. కాకపోతే ఈ ప్రయాణంలో ఆ నిజం ఖరీదు 440 రూపాయలు.

ఎలాగో చూడండి. విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. రానూపోనూ 230. బొర్రా గుహలు, చాపరాయి చూసి రావడానికి మరో 70 వేసుకుంటే మొత్తం 300. ధర రోజూ మారుతుంది కాబట్టి పెట్రోలు లీటరు 110 రూపాయలని అనుకుందాం. నిండా మనుషులతో, ఏసీ వేసుకుని, ఘాట్ ఎక్కే చిన్న కారుకు లీటరుకు 15 కిలోమీటర్లు వస్తే మంచిదే. అంటే 20 లీటర్లు, 2,200 రూపాయలు. ఏడు సీట్ల కారుకు పన్నెండున్నర వస్తుందనుకుంటే 24 లీటర్లు, 2,640 రూపాయలు. కంపెనీ ప్రకటనల్లో ఇంతకంటే పెద్ద అంకెలు కనిపిస్తాయి. అవి ప్రయోగశాలలో రోలర్ల మీద నడిపి తీసిన లెక్కలు. అనంతగిరి మలుపులకు అవి పనికిరావు.

ఘాట్ గురించి అందరికీ ఉన్న భయం కూడా కొంత ఎక్కువే. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. కారు, మనుషులు, సామాను కలిపి ఒకటిన్నర టన్ను పైచిలుకు బరువును అంత ఎత్తుకు చేర్చడానికి అదనంగా కాలేది లీటరున్నర పెట్రోలు. దిగేటప్పుడు అందులో కొంత కలిసి వస్తుంది కూడా. అయితే పెట్రోలు ఆదా అవుతుందని దిగుడులో న్యూట్రల్ చేయవద్దని మీవారికి గట్టిగా చెప్పండి. ఇప్పటి కార్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనుకు పెట్రోలు దానంతటదే ఆగిపోతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆడుతూ పెట్రోలు కాలుస్తూనే ఉంటుంది, భారమంతా బ్రేకుల మీద పడి అవి వేడెక్కుతాయి. ఇందులో మిగిలేది ఏమీ లేదు, ప్రమాదం మాత్రం ఉంది.

అసలు తేడా అద్దెలో ఉంది. రోజుకు 1,600 చొప్పున రెండు రోజులకు 3,200. పెట్రోలు తేడా కూడా కలిపితే పెద్ద కారుకు మీరు అదనంగా పెట్టేది 3,640 రూపాయలు. రోజుకు 250 కిలోమీటర్ల హద్దు దాకా తిరిగినా పెట్రోలు తేడా రోజుకు 370 రూపాయలు దాటదు. కాబట్టి బేరం ఆడదలిస్తే అద్దె దగ్గర ఆడండి. పండుగ నాలుగు రోజులూ వదిలి ఆ తర్వాత వారం మధ్యలో వెళ్లగలిగితే రేటు తగ్గించమని అడగడానికి వీలుంటుంది.

ఇక సర్దుకోవడం అన్న మాట. చిన్న కారుకు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నవి ఐదు సీట్లు, మీరు ఆరుగురు. చలానా సంగతి అటుంచండి, ఏదైనా జరిగితే బీమా దగ్గర పేచీ వస్తుంది. పెద్దవాళ్లు మోకాళ్లు ముడుచుకుని మూడు నాలుగు గంటలు కూర్చోవాలి. రెండు చిన్న కార్లు తీసుకుంటే 13,200 అవుతుంది, ఏడు సీట్ల కారు ఒక్కటీ 10,240. అత్తగారిని, మామగారిని కిరండూల్ రైలులో పంపి మిగిలినవాళ్లు చిన్న కారులో వెళ్లే మార్గం ఉంది. సొరంగాల దారి వారికీ నచ్చుతుంది. కానీ తెల్లవారుజామునే గాజువాక నుంచి స్టేషనుకు చేర్చాలి, అరకులో తిరగడానికి మళ్లీ ఆరుగురికీ బండి కావాలి. ఆదా చేసిన డబ్బు అక్కడే ఖర్చవుతుంది.

నాకు మీ విషయంలో పెట్రోలు మైలేజీ కంటే పెట్రోలు ముల్లు గురించి ఎక్కువ ఆందోళనగా ఉంది. ఇలాంటి కారు ట్యాంకు సుమారు 45 లీటర్లు. మీటరులో ఎనిమిది గీతలు ఉంటే ఒక్కో గీత ఐదున్నర లీటర్లు, అంటే 600 రూపాయలు. మీ మరిది భయపడుతున్న 440 కంటే ఒక్క గీత విలువే ఎక్కువ. రెండేళ్ల క్రితం నేను ఒక అద్దె కారును నాలుగు గీతలతో తీసుకుని, తొందరలో ఫొటో తీయలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు ఆరు గీతలతో ఇచ్చామని వాళ్లు పట్టుబట్టారు, నా దగ్గర ఆధారం లేదు. డిపాజిట్‌లో 1,200 కోసుకున్నారు. అందుకే తాళం చేతికి రాగానే ఇంజను ఆన్ చేసి, కిలోమీటర్లూ గీతలూ ఒకే ఫొటోలో పడేలా తీసి, అక్కడే వారికి వాట్సాప్ చేయండి. తిరిగి ఇచ్చే ముందు దగ్గరలోని బంకులో అదే గీత దాకా పోయించండి. మిగిలిపోయిన పెట్రోలుకు ఎవరూ డబ్బు తిరిగి ఇవ్వరు.

నంబరు ప్లేటు కూడా చూడండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దెకు అనుమతి ఉన్న కారుకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉంటాయి. తెల్ల ప్లేటు సొంత కారును తక్కువ అద్దెకు ఇస్తామంటే ఒప్పుకోకండి. అద్దెకు తిప్పిన సొంత కారుకు బీమా వర్తించకపోవచ్చు. అక్కడ పోయేది వందల్లో ఉండదు.

తిరుపతికి లెక్క మారుతుంది. రానూపోనూ 1,500 కిలోమీటర్లు, నాలుగు రోజులు అనుకుందాం. హైవేలో ఏడు సీట్ల పెట్రోలు కారుకు లీటరుకు 15 వస్తే 11,000 రూపాయలు. డీజిల్ కారుకు 17 వచ్చి, లీటరు 100 అయితే సుమారు 8,800. తేడా 2,200, అంటే రోజుకు 550. డీజిల్ కారు అద్దె అంతకంటే తక్కువ తేడాలో దొరికితేనే అది తీసుకోండి. అయితే అంతకంటే పెద్ద ఖర్చు మరొకటి ఉంది. నాలుగు రోజులకు మీ హద్దు 1,000 కిలోమీటర్లు. మిగతా 500కు 12 చొప్పున 6,000 కట్టాలి. అద్దె రోజుకు నాలుగు వందలు ఎక్కువైనా కిలోమీటర్ల హద్దు లేని పథకం ఉందేమో ముందే అడగండి. ఉంటే నాలుగు రోజులకు పడే అదనం 1,600తో ఆగుతుంది.

అరకు ఖర్చు 10,240కి డిపాజిట్ వేరే. అది తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు. పిల్లల ఫీజు కోసం దాచినదాంట్లోంచి కట్టకండి. తిరుపతికి ఇప్పటి నుంచే నెలకు 4,000 చొప్పున రికరింగ్ డిపాజిట్ వేస్తే మే నెల నాటికి కారు ఖర్చులో చాలా భాగం చేతిలో ఉంటుంది.